ఇంట్లో రెండు కంప్యూటర్ల మధ్య ఫైల్ షేరింగ్ పనిచేయడం లేదా? ఫైర్‌వాల్ ఆఫ్ చేసే ముందు ఇవి చూడండి

రెండు కంప్యూటర్లూ ఒకే వైఫై మీద ఉంటాయి. రెండిట్లోనూ యూట్యూబ్ చక్కగా వస్తుంది. కానీ దీంట్లో షేర్ చేసిన ఫోల్డర్ దాంట్లో తెరుచుకోదు. ఎవరినడిగినా మొదట వచ్చే సలహా ఒకటే: "ఫైర్‌వాల్ ఆఫ్ చేసి చూడు." ఫైర్‌వాల్ అంటే బయటి నుంచి వచ్చే కనెక్షన్లను వడపోసే కాపలా. దయచేసి దాన్ని ఆపే పని చేయకండి. ఒక్కోసారి దాంతో పని జరిగిపోతుంది కూడా, అదే అసలు ప్రమాదం. పని అయిపోయాక దాన్ని మళ్లీ ఆన్ చేయాలన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. పైగా ఇళ్లలో వచ్చే షేరింగ్ చిక్కుల్లో చాలావాటికి ఫైర్‌వాల్‌తో సంబంధమే ఉండదు.

సంబంధం ఉందో లేదో తేల్చుకోవడం తేలికే. విండోస్ మిమ్మల్ని ఎక్కడ ఆపుతోందో చూస్తే సగం జవాబు అక్కడే దొరుకుతుంది. ఉదాహరణకి ఫొటోలు, వీడియోలు పాత డెస్క్‌టాప్‌లో ఉన్నాయనుకుందాం, అందులో విండోస్ 10 ఉంది. వాటిని తెరవాల్సింది విండోస్ 11 ఉన్న ల్యాప్‌టాప్‌లో. కింద నేను డెస్క్‌టాప్ అన్నప్పుడల్లా ఫైళ్లున్నది, ల్యాప్‌టాప్ అన్నప్పుడల్లా ఆ ఫైళ్లు కావాల్సింది అని అర్థం చేసుకోండి.

ముందు ఈ ఒక్క పరీక్ష చేయండి

డెస్క్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని ఇంగ్లీషులో, మధ్యలో ఖాళీ లేకుండా టైప్ చేసి ఎంటర్ నొక్కండి. ఐపీవీ4 అడ్రస్ అన్న వరుసలో 192.168.1.5 లాంటి నంబరు కనిపిస్తుంది. రాసుకోండి. ఆ నంబరు 169.254తో మొదలైతే ఇక్కడే ఆగండి. ఆ కంప్యూటర్‌కి రౌటర్ నుంచి అడ్రసే రాలేదన్నమాట. కేబుల్ ఊడిందేమో, వైఫై సరిగ్గా కనెక్ట్ అయిందో లేదో చూసుకుని మళ్లీ మొదలుపెట్టండి.

ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో విండోస్ కీ, ఆర్ కీ కలిపి నొక్కండి. వచ్చిన రన్ బాక్సులో రెండు బ్యాక్‌స్లాష్‌లు పెట్టి, పక్కనే ఆ నంబరు కొట్టండి. అంటే \\192.168.1.5 ఇలా. ఎంటర్ నొక్కాక ఏం జరిగిందో జాగ్రత్తగా గమనించండి.

కాసేపు తిరిగి తిరిగి "నెట్‌వర్క్ పాత్ దొరకలేదు" అని, చివర 80070035 అనే అంకెలున్న కోడ్ వస్తే ల్యాప్‌టాప్ అసలు డెస్క్‌టాప్ దాకా చేరలేదు. ఫైర్‌వాల్‌ని అనుమానించాల్సింది ఈ ఒక్క సందర్భంలోనే. అప్పుడు కూడా దాని వంతు చివర్లో వస్తుంది.

యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగే బాక్సు వస్తే సంతోషించండి. డెస్క్‌టాప్ పలికింది కాబట్టే ఆ బాక్సు వచ్చింది. ఫైర్‌వాల్ దారి ఇచ్చేసింది, ఇక దాని జోలికి వెళ్లక్కర్లేదు. మిగిలింది అకౌంట్ గొడవ. ఫోల్డర్ల పేర్లు కనిపించి, ఏదైనా ఒకటి నొక్కితే మాత్రం "పర్మిషన్ లేదు" అంటే అది ఆ ఫోల్డర్ సెట్టింగుల్లో ఉన్న సమస్య. అన్నీ బాగానే తెరుచుకుని, ఎక్స్‌ప్లోరర్‌లో ఎడమవైపు నెట్‌వర్క్ అన్న చోట మాత్రం డెస్క్‌టాప్ పేరు కనిపించకపోతే మీ షేరింగ్‌కి ఏ జబ్బూ లేదు. పేరు కనిపించకపోవడం వేరే సంగతి, దాన్ని చివర్లో చూద్దాం.

డెస్క్‌టాప్ దాకా చేరనే లేదు అంటే

మొదట డెస్క్‌టాప్ దగ్గరికి వెళ్లి అది మేలుకుని ఉందో లేదో చూడండి. నవ్వకండి. స్లీప్‌లోకి వెళ్లిన కంప్యూటర్ ఎవరికీ జవాబివ్వదు, అవతల వచ్చే ఎర్రర్ మాత్రం అచ్చం ఫైర్‌వాల్ ఆపినట్టే ఉంటుంది. "పొద్దున పనిచేసింది, సాయంత్రం పనిచేయట్లేదు" అనే వాళ్లలో ఎక్కువమంది సమస్య ఇదే. సెట్టింగ్స్‌లో పవర్ అండ్ స్లీప్‌లోకి వెళ్లి స్లీప్ దగ్గర నెవర్ అని పెట్టండి. స్క్రీన్ ఆరిపోయినా ఫరవాలేదు.

తరువాత రెండు కంప్యూటర్ల ఐపీ నంబర్లూ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి మూడు భాగాలు ఒకటిగా ఉండాలి. డెస్క్‌టాప్ 192.168.1.5, ల్యాప్‌టాప్ 192.168.1.8 అయితే మంచిదే. ల్యాప్‌టాప్ నంబరు 192.168.0.103 అని వస్తే మాత్రం రెండూ వేరు వేరు నెట్‌వర్కుల్లో ఉన్నట్టు.

మన ఇళ్లలో ఇది బాగా ఎక్కువ. ఫైబర్ కనెక్షన్ పెట్టినప్పుడు వాళ్లిచ్చిన బాక్సులోనే ఒక వైఫై ఉంటుంది. మేడ మీద సిగ్నల్ అందడం లేదని మనం ఇంకో రౌటర్ కొని, కేబుల్ లాగి, దానికి తగిలిస్తాం. ఆ రెండో రౌటర్ తన కింద ఇంకో నెట్‌వర్క్ నడుపుతుంది. నెట్ రెండు చోట్లా వస్తుంది కాబట్టి అంతా ఒకటే అనుకుంటాం. నిజానికి మేడ మీది ల్యాప్‌టాప్ ఒక నెట్‌వర్క్, కింది డెస్క్‌టాప్ ఇంకోటి. విండోస్ ఫైర్‌వాల్ కూడా ఇక్కడ ఒక మెలిక పెడుతుంది: ప్రైవేట్ నెట్‌వర్క్‌లో షేరింగ్‌కి అది మామూలుగా ఇచ్చే అనుమతి తన లోకల్ సబ్‌నెట్‌కే, అంటే తనున్న నెట్‌వర్క్‌లోని కంప్యూటర్లకే. అవతలి నెట్‌వర్క్ అడ్రస్‌తో వచ్చేదాన్ని, ఎలాగో దారి దొరికినా, అది రానివ్వదు.

దీనికి మందు ఫైర్‌వాల్‌లో లేదు, రెండో రౌటర్‌లో ఉంది. దాని సెట్టింగుల్లో యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంటే అది ఎంచుకోండి. లేకపోతే ముందు దాని సొంత ఐపీ మొదటి రౌటర్ నంబరుతో కలవకుండా చూసుకోండి. తరువాత అందులో డీహెచ్‌సీపీ (కంప్యూటర్లకి ఐపీ అడ్రసులు పంచే పని) ఆపేసి, కింది నుంచి వచ్చే కేబుల్‌ని వ్యాన్ అని రాసి ఉన్న రంధ్రం నుంచి తీసి మిగతా ల్యాన్ రంధ్రాల్లో ఒకదానికి పెట్టండి. అప్పుడు ఇల్లంతా ఒకే నెట్‌వర్క్ అవుతుంది.

నంబర్లు కలిసినా చేరకపోతే ఇంకో రెండు అనుమానాలున్నాయి. ఒకటి గెస్ట్ వైఫై. చుట్టాల కోసం పెట్టిన ఆ పేరుకి ల్యాప్‌టాప్ కనెక్ట్ అయి ఉంటే నెట్ వస్తుంది గానీ ఇంట్లోని మిగతా కంప్యూటర్లు కనిపించవు, గెస్ట్ వైఫై ఉద్దేశమే అది. మామూలు వైఫైలో కూడా ఏపీ ఐసొలేషన్ లేదా క్లయింట్ ఐసొలేషన్ అనే సెట్టింగ్ ఆన్ అయి ఉంటే ఇదే ఫలితం. రౌటర్‌లో వైర్‌లెస్ సెట్టింగుల కింద వెతకండి. రెండోది వీపీఎన్, అంటే మన నెట్‌ని వేరే సర్వర్ గుండా తిప్పి పంపే యాప్. ల్యాప్‌టాప్‌లో వీపీఎన్ నడుస్తుంటే ఇంటి నెట్‌వర్క్‌కి వెళ్లే దారిని కూడా అది మూసేయగలదు. ఆపి ఒకసారి ప్రయత్నించండి.

అది ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోకండి. "కొన్ని సెట్టింగులు మీ సంస్థ ఆధీనంలో ఉన్నాయి" అన్న వాక్యం కనిపించిందంటే ఫైర్‌వాల్ నియమాలు కంపెనీ నుంచే వస్తున్నాయి. వాటితో కుస్తీ పట్టడం కన్నా ఇంటి ఫైళ్లకి ఇంటి కంప్యూటర్ వాడుకోవడం మేలు.

ఫైర్‌వాలే ఆపుతోందా? ఒక్క పోర్టు చూస్తే చాలు

విండోస్‌లో ఫైల్ షేరింగ్ ఎస్‌ఎంబీ అనే పద్ధతిలో, టీసీపీ పోర్టు 445 మీద నడుస్తుంది. పోర్టు అంటే కంప్యూటర్‌లోకి వచ్చే కనెక్షన్లకి నంబరు వేసిన తలుపు లాంటిది. ఆ పోర్టు తెరిచి ఉందో లేదో నేరుగా అడగొచ్చు. ల్యాప్‌టాప్‌లో పవర్‌షెల్ తెరిచి టీఎన్‌సీ అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు, ఒక ఖాళీ, డెస్క్‌టాప్ ఐపీ, ఒక ఖాళీ, హైఫన్ పెట్టి దానికి ఆనించి పోర్ట్ అనే మాట, ఒక ఖాళీ, 445 కొట్టి, అంటే tnc 192.168.1.5 -port 445 ఇలా, ఎంటర్ నొక్కండి. వచ్చిన వరుసల్లో చివరిది టీసీపీ టెస్ట్ సక్సీడెడ్ అని ఉంటుంది. దాని ఎదురుగా ట్రూ ఉంటే దారి తెరిచే ఉంది. ఫాల్స్ ఉండి, పై పరీక్షలన్నీ సరిగ్గా ఉంటే అప్పుడు ఫైర్‌వాల్ మీద పడండి.

చాలామంది దీని బదులు పింగ్ (అవతలి కంప్యూటర్ పలుకుతుందో లేదో అడిగే కమాండ్) కొట్టి చూస్తారు. పింగ్‌కి జవాబు వస్తే మంచిదే. రాకపోతే మాత్రం దాన్నిబట్టి ఏదీ తేల్చలేం, పింగ్‌ని విడిగా ఆపేసే ఫైర్‌వాళ్లు ఉంటాయి.

ఇక డెస్క్‌టాప్‌లో చేయాల్సినవి. సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌లోకి వెళ్లి, మీరు కనెక్ట్ అయి ఉన్న వైఫై లేదా ఈథర్‌నెట్ ప్రాపర్టీస్ తెరవండి. నెట్‌వర్క్ ప్రొఫైల్ పబ్లిక్ అని ఉంటే దాన్ని ప్రైవేట్‌కి మార్చండి. ఫైర్‌వాల్ వైపు నుంచి వచ్చే సమస్యల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క మార్పుతో పోతాయి. పబ్లిక్ అంటే రైల్వే స్టేషన్, హోటల్ లాంటి చోట్ల వైఫై అని విండోస్ భావం. అక్కడ మన కంప్యూటర్ ఎవరికీ కనబడకూడదు కాబట్టి అది బయటి నుంచి వచ్చే షేరింగ్‌ని ఆపుతుంది. రౌటర్ మార్చాక విండోస్ దాన్ని కొత్త నెట్‌వర్క్‌గా లెక్కేసి మళ్లీ పబ్లిక్ అనడం మామూలే. ల్యాప్‌టాప్‌లో కూడా ఇంటి వైఫైని ప్రైవేట్ చేయండి. బయట వాడే వైఫైలను మాత్రం పబ్లిక్‌గానే వదిలేయండి.

తరువాత అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్. విండోస్ 10లో ఇది కంట్రోల్ ప్యానెల్ కింద నెట్‌వర్క్ అండ్ షేరింగ్ సెంటర్‌లో ఉంటుంది. విండోస్ 11లో సెట్టింగ్స్ లోపల అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లోకి మార్చారు. ప్రైవేట్ అన్న భాగంలో నెట్‌వర్క్ డిస్కవరీ, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ రెండూ ఆన్ చేయండి. పబ్లిక్ భాగంలో రెండూ ఆఫ్‌లోనే ఉండాలి.

ఇంకా ఫాల్స్ అనే వస్తుంటే విండోస్ సెక్యూరిటీ తెరిచి, ఫైర్‌వాల్ అండ్ నెట్‌వర్క్ ప్రొటెక్షన్‌లో ప్రైవేట్ నెట్‌వర్క్ మీద నొక్కండి. కింద "వచ్చే కనెక్షన్లన్నీ ఆపు, అనుమతించిన యాప్‌ల జాబితాలోవి కూడా" అనే అర్థంలో ఒక టిక్ బాక్సు ఉంటుంది. అందులో టిక్ ఉంటే మీరు ఎన్ని అనుమతులిచ్చినా ఒక్కటీ పనిచేయదు. తీసేయండి. ఆ పేజీలోనే అలౌ యాన్ యాప్ త్రూ ఫైర్‌వాల్ అన్న లింకు ఉంటుంది. అందులో ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ ఎదురుగా ప్రైవేట్ గడిలో టిక్ ఉందో లేదో చూడండి. నియమాలు ఎవరెవరో మార్చి గందరగోళమైపోయి ఉంటే అదే పేజీలో రిస్టోర్ ఫైర్‌వాల్స్ టు డిఫాల్ట్ ఉంది. అది నొక్కాక పై సెట్టింగులు మళ్లీ చూసుకోవాలి.

ఇదంతా చేసినా దారి తెరుచుకోలేదంటే కంప్యూటర్‌తో పాటు వచ్చిన యాంటీవైరస్ వైపు చూడండి. వాటిలో చాలావాటికి సొంత ఫైర్‌వాల్ ఉంటుంది. విండోస్ ఫైర్‌వాల్‌లో మీరెన్ని టిక్‌లు పెట్టినా ఆపేది అది. దాని సెట్టింగుల్లో మీ నెట్‌వర్క్‌ని హోమ్ లేదా ట్రస్టెడ్ అని గుర్తు పెట్టండి. ట్రయల్ గడువు అయిపోయి మూల పడి ఉన్నదైతే అన్‌ఇన్‌స్టాల్ చేయడమే నయం. అది తీసేశాక విండోస్ డిఫెండర్ ఆన్ అయిందో లేదో విండోస్ సెక్యూరిటీలో ఒకసారి చూసుకోండి.

ఒక పని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి. రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టి 445ని బయటి ఇంటర్నెట్‌కి తెరవొద్దు. ఇంట్లో షేరింగ్‌కి దాని అవసరమే లేదు. 2017 మే నెలలో ప్రపంచమంతా పాకిన వానాక్రై అనే, ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్ ఈ పోర్టు గుండానే, పాత ఎస్‌ఎంబీ1లోని లోపాన్ని పట్టుకుని కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కి దూకింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే ప్యాచ్ ఇచ్చింది, వేసుకోనివాళ్లే ఎక్కువగా దెబ్బతిన్నారు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి డెస్క్‌టాప్ విషయంలో ఈ మాట ఇప్పుడు మరీ ముఖ్యం.

పాస్‌వర్డ్ అడుగుతోంది, ఏది కొట్టినా ఒప్పుకోవట్లేదు

ఇక్కడ అడిగేది మీ వైఫై పాస్‌వర్డ్ కాదు. ల్యాప్‌టాప్ పాస్‌వర్డూ కాదు. డెస్క్‌టాప్‌లో ఉన్న ఒక యూజర్ పేరు, ఆ యూజర్ పాస్‌వర్డ్. డెస్క్‌టాప్ తెరవడానికి రోజూ నాలుగంకెల పిన్ కొడతారు కదా, అది ఇక్కడ పనిచేయదు. పిన్ ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లకే. డెస్క్‌టాప్‌కి అసలు పాస్‌వర్డే పెట్టకుండా వదిలేసినా కుదరదు, ఖాళీ పాస్‌వర్డ్ ఉన్న అకౌంట్‌ని విండోస్ నెట్‌వర్క్ మీద నుంచి రానివ్వదు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యేవాళ్లు పూర్తి ఈమెయిల్, దాని పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఆ పాస్‌వర్డ్ గుర్తున్నవాళ్లు అరుదు.

అందుకే నేనైతే షేరింగ్ కోసమే డెస్క్‌టాప్‌లో ఒక లోకల్ యూజర్‌ని పెట్టమంటాను. సెట్టింగ్స్, అకౌంట్స్‌లో ఇతర యూజర్లు అన్న చోట కొత్త అకౌంట్ చేర్చండి. ఈమెయిల్ అడిగినప్పుడు "ఈ వ్యక్తి వివరాలు నా దగ్గర లేవు" అనే లింకు, తరువాత "మైక్రోసాఫ్ట్ అకౌంట్ లేకుండా యూజర్‌ని చేర్చు" అనే లింకు నొక్కితే సరి. ఇల్లు అనో, ఫొటోలు అనో ఇంగ్లీషు అక్షరాల్లో చిన్న పేరు పెట్టి గట్టి పాస్‌వర్డ్ ఇవ్వండి. ల్యాప్‌టాప్ అడిగినప్పుడు డెస్క్‌టాప్ పేరు, ఒక బ్యాక్‌స్లాష్, ఈ యూజర్ పేరు కొట్టి పాస్‌వర్డ్ ఇవ్వండి. గుర్తుపెట్టుకో అన్న చోట టిక్ పెడితే మళ్లీ అడగదు.

ఒకప్పుడు తప్పు పాస్‌వర్డ్ ఇచ్చి టిక్ పెట్టేసి ఉంటే ల్యాప్‌టాప్ ప్రతిసారీ ఆ తప్పుదే పంపుతుంటుంది. కంట్రోల్ ప్యానెల్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి, విండోస్ క్రెడెన్షియల్స్ కింద డెస్క్‌టాప్ పేరుతో, ఐపీతో ఉన్నవన్నీ తీసేసి, ఒకసారి రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నించండి.

పేరు సరైనదే, పాస్‌వర్డ్ సరైనదే, అయినా బాక్సు మళ్లీ మళ్లీ వస్తోందా? రెండు కంప్యూటర్లకీ ఒకే షాపులో విండోస్ వేయించారేమో గుర్తు చేసుకోండి. ఒక హార్డ్‌డిస్క్ నుంచి ఇంకోదానికి కాపీ కొట్టి విండోస్ ఇచ్చినప్పుడు రెండు కంప్యూటర్లకీ ఒకే ఎస్‌ఐడీ వస్తుంది. ఎస్‌ఐడీ అంటే విండోస్ లోపల ఆ కంప్యూటర్ గుర్తింపు సంఖ్య. ఇన్నాళ్లూ ఇళ్లలో ఇది పెద్దగా అడ్డు రాలేదు. 2025 ఆగస్టు చివరి నుంచి వచ్చిన విండోస్ 11 అప్‌డేట్లు మాత్రం ఒకే ఎస్‌ఐడీ ఉన్న కంప్యూటర్ల మధ్య లాగిన్‌ని ఒప్పుకోవడం లేదు. రెండూ విండోస్ 11లో ఉంటే ఇది చూడండి. కమాండ్ ప్రాంప్ట్‌లో హూయామ్ఐ అని ఇంగ్లీషులో కలిపి రాసి, ఖాళీ వదిలి, స్లాష్, యూజర్ అని, అంటే whoami /user అని కొడితే పొడుగాటి సంఖ్య వస్తుంది. చివరి హైఫన్ తరువాతి అంకెలు వదిలేసి మిగతాది పోల్చండి. రెండు కంప్యూటర్లలోనూ అదే ఉంటే ఒకదాంట్లో విండోస్ కొత్తగా వేసుకోక తప్పదు.

లోపలికి వచ్చాం, ఫోల్డర్ మాత్రం తెరవనివ్వట్లేదు

విండోస్ షేర్ చేసిన ఫోల్డర్‌కి రెండు రకాల అనుమతులుంటాయి. ఒకటి షేర్ పర్మిషన్, రెండోది సెక్యూరిటీ ట్యాబ్‌లో కనిపించే ఎన్‌టీఎఫ్‌ఎస్ పర్మిషన్. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ పంపించినా ఫ్లాట్ తలుపు తీయకపోతే లోపలికి వెళ్లలేం కదా, అలాగే. రెండిట్లో ఏది గట్టిగా ఉంటే అదే చెల్లుతుంది. షేరింగ్‌లో ఎవ్రీవన్‌కి ఫుల్ కంట్రోల్ ఇచ్చేసి, ఇంకా ఎందుకు రావట్లేదని తల పట్టుకునేవాళ్లు సెక్యూరిటీ ట్యాబ్ చూడటం మర్చిపోతారు.

తేలిక దారి ఇది: ఫోల్డర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, షేరింగ్ ట్యాబ్, అందులో పైనున్న షేర్ బటన్. ఇందాక చేసిన యూజర్‌ని చేర్చి, చూడటానికి మాత్రమే అయితే రీడ్, మార్చుకోవడానికి కూడా అయితే రీడ్/రైట్ ఇవ్వండి. ఆ బటన్ రెండు అనుమతులనూ తనే సరిచేస్తుంది. సి డ్రైవ్ మొత్తం షేర్ చేయొద్దు. డి డ్రైవ్‌లో విడిగా ఒక ఫోల్డర్ పెట్టుకోండి.

కొన్ని ఫైళ్లు తెరుచుకుని కొన్ని మొరాయిస్తుంటే అవి ఆ ఫోల్డర్‌లోకి ఎలా వచ్చాయో ఆలోచించండి. అదే డ్రైవ్‌లోని ఇంకో చోటు నుంచి కట్ చేసి పేస్ట్ చేసిన ఫైల్ తన పాత అనుమతులనే వెంట తెచ్చుకుంటుంది. కాపీ చేసి పేస్ట్ చేసినదైతే కొత్త ఫోల్డర్ అనుమతులు తీసుకుంటుంది. మొరాయించేవాటిని ఒకసారి వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసి, ఇక్కడున్నవి తీసేసి, మళ్లీ ఇక్కడికి కాపీ చేస్తే దారికొస్తాయి.

రౌటర్‌కి పెట్టిన హార్డ్‌డిస్క్, పాత పెట్టెలు

రౌటర్ యూఎస్‌బీ రంధ్రానికి పెట్టిన హార్డ్‌డిస్క్ ఇన్నాళ్లూ పాస్‌వర్డ్ లేకుండా తెరుచుకుని, ల్యాప్‌టాప్ కొత్త వెర్షన్‌కి మారగానే ఆగిపోయిందా? విండోస్ 11 ప్రోలో 24హెచ్2 అనే వెర్షన్ నుంచి గెస్ట్‌గా, అంటే పాస్‌వర్డ్ లేకుండా, లోపలికి వెళ్లడం మామూలుగా కుదరదు. "మీ సంస్థ భద్రతా విధానాలు అడ్డుకుంటున్నాయి" అని వస్తుంది. ఇంట్లో ఏ సంస్థ ఉందని కంగారు పడకండి, అది అందరికీ వచ్చే వాక్యమే. రౌటర్‌లో ఆ డిస్క్‌కి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పెట్టే వీలుంటే పెట్టండి. మరీ పాత రౌటర్లు ఎస్‌ఎంబీ1 ఒక్కటే మాట్లాడతాయి. విండోస్ ఫీచర్స్‌లోకి వెళ్లి దాన్ని మళ్లీ ఆన్ చేసుకోమని చెప్పేవాళ్లున్నారు. వానాక్రై దూరింది దాంట్లోంచే, కాబట్టి నా ఓటు దానికి లేదు. డిస్క్ తీసి డెస్క్‌టాప్‌కి పెట్టి, అక్కణ్నుంచి షేర్ చేసుకోండి. విండోస్ 7 ఉన్న పాత కంప్యూటర్‌కి కూడా ఎస్‌ఎంబీ1 అక్కర్లేదు, దానికి ఎస్‌ఎంబీ2 వచ్చు.

నెట్‌వర్క్‌లో పేరు కనిపించకపోతే

డెస్క్‌టాప్‌లో సర్వీసెస్ తెరిచి ఫంక్షన్ డిస్కవరీ ప్రొవైడర్ హోస్ట్, ఫంక్షన్ డిస్కవరీ రిసోర్స్ పబ్లికేషన్ అనే రెండింటినీ ఆటోమేటిక్‌గా పెట్టి స్టార్ట్ చేయండి. చాలాసార్లు పేరు వచ్చేస్తుంది. రాకపోయినా నష్టం లేదు. రౌటర్ డీహెచ్‌సీపీ సెట్టింగుల్లో డెస్క్‌టాప్‌కి ఎప్పుడూ అదే ఐపీ వచ్చేలా అడ్రస్ రిజర్వేషన్ చేయండి. తరువాత ల్యాప్‌టాప్‌లో దిస్ పీసీ తెరిచి, మ్యాప్ నెట్‌వర్క్ డ్రైవ్ ఎంచుకుని, ఆ ఐపీ, ఫోల్డర్ పేరు ఇచ్చి, లాగిన్ అయినప్పుడల్లా కనెక్ట్ చేయమని టిక్ పెట్టండి. ఆ ఫోల్డర్ ఒక డ్రైవ్‌లా అక్కడే కనిపిస్తూ ఉంటుంది.